చెయ్యి ఎక్కడుంది?

సతుర్నీనో విల్కా పాఠం మొదలుపెట్టే ముందు రెండు చేతులూ చంకల్లో పెట్టుకుని కాసేపు నిలబడేవాడు. కొత్తగా చేరిన పిల్లలు చూసి, పాపం పెద్దాయనకి చలి అనుకునేవాళ్ళు. కొండల మీది మా గనుల ఊరు పోతోసీలో చలి ఎవరికి లేదు? జూన్ నెలలో, మా నడిచలికాలంలో, తరగతి గదుల్లో పెన్ను కూడా రాయనని మొండికేస్తుంది. కానీ ఆయన చేసేది చలికి కాదు. రోగిని తాకబోయే ముందు చేతులు వెచ్చచేసుకోవడం అలవాటు. ఎదురుగా రోగి లేకపోయినా, తాకడానికి నల్లబల్ల తప్ప ఏమీ లేకపోయినా, ఆ అలవాటు పోలేదు. "చల్లటి చెయ్యి తగిలితే పొట్ట బిగుసుకుంటుంది నాయనా. బిగుసుకున్న పొట్ట అబద్ధం చెబుతుంది," అనేవాడు.

ఆయన పాఠాలు చెప్పే, పాత బస్టాండు పైన ఉన్న ప్రైవేటు వైద్య కళాశాలలోనే నేను జీవరసాయనం చెబుతాను. ఆయన బల్ల పక్కనే నా బల్ల. ఆయన కూతురు ఫ్లోరిండాకి జ్ఞానస్నానం నాడు జ్ఞానతల్లిగా నిలబడ్డదాన్ని, కాబట్టి ఆయన నన్ను కొమాద్రే అంటాడు, నేను ఆయన్ని కొంపాద్రే అంటాను. మా దగ్గర ఆ వరస తోబుట్టువు కన్నా గట్టిది. తిట్టినా పడాల్సిందే. నేను చాలానే తిట్టాను, ఆయన చాలానే పడ్డాడు. తరగతి గదిలో తప్ప ఎక్కడా నోట్లో నాలుక లేని మనిషి.

ఆయన చెప్పేది రోగిని పరీక్షించే పాఠం. చూడడం, తాకడం, తట్టడం, వినడం. అందులో మొదటి పాఠానికి పై తరగతుల పిల్లలు కూడా వచ్చి వెనకాల నిలబడేవాళ్ళు. ఆయన గది మధ్యలోకి వచ్చి, పల్లెటూరి ముసలమ్మ గొంతు పెట్టి, "సొంకోయ్ ననావన్" అనేవాడు. కెచువా భాషలో 'నా సొంకో నొప్పి' అని. నిఘంటువు తెరిస్తే సొంకో అంటే గుండె. మనుషుల నోట్లో మాత్రం అది గుండె, కడుపు, మనసు, అన్నీ. నాలుగు గనుల అవతల ఏ పల్లెకి వెళ్ళినా అంతే.

ఆ ఒక్క మాటనే ఆయన మూడుసార్లు అనేవాడు. మొదటిసారి ఎడమ రొమ్ము మీద ఒక్క వేలు పెట్టి. అది కండరం నొప్పో, దిగులో. రెండోసారి పక్కటెముకల కింద అరచెయ్యి ఆనించి, మెల్లగా రుద్దుతూ, కొంచెం నవ్వుతూ. అది కడుపు. మూడోసారి రొమ్ముల నడిమధ్య పిడికిలి బిగించి, భుజాలు ముందుకు వంచి, ముఖం వికారంగా పెట్టి. అది గుండె. "మాట ఒకటే, చెయ్యి మారింది. ఈ పిడికిలి కనబడిందా, రాసుకోవడం ఆపి పరిగెత్తండి," అనేవాడు. తర్వాత ఇద్దరిద్దరు లేచి, ఒకరు ముసలమ్మ, ఒకరు డాక్టరు. గదంతా సొంకోలే. పక్క గదిలో నా పాఠం సాగేది కాదు, తలుపు తట్టి తిట్టేదాన్ని.

"కొంపాద్రే, ఇది కాలేజీయా, కోళ్ళ సంతా?"

"కొమాద్రే, నీ గుండె నొప్పి పుట్టిందా? చెయ్యెక్కడ పెట్టుకున్నావో చూపించు!"

పిల్లలు పగలబడి నవ్వేవాళ్ళు. నా చెయ్యి చూస్తే నడుం మీద ఉండేది.

ఈ పాఠం ఆయన ఏ పుస్తకంలోనూ చదవలేదు. తండ్రి తగరం గనిలో పనిచేసి ఊపిరితిత్తుల్లో దుమ్ముతో పోయాడు. తల్లికి స్పానిష్ రాదు. ఆమెకి నొప్పి వస్తే, బడిలో నాలుగు ముక్కలు నేర్చిన పిల్లాడు సతుర్నీనోనే గని ఆసుపత్రిలో దుబాసీ. డాక్టరు ఏమిటి బాధ అంటే తల్లి సొంకో అంది. పిల్లాడు గుండె అని చెప్పాడు. బడిలో పంతులు అలాగే నేర్పాడు మరి. ఆమెని గుండె జబ్బుల వార్డులో పడుకోబెట్టి, రోజుల తరబడి గుండె విన్నారు. కడుపులో పుండు పగిలాక గానీ అసలు సంగతి తెలియలేదు. కోసి కుట్టారు, బతికింది. "ఆ రోజులన్నీ మా అమ్మ పొట్ట మీదనుంచి చెయ్యి తియ్యలేదు కొమాద్రే. అందరూ నా నోరు చూశారు. ఆ చెయ్యి ఎవరూ చూడలేదు," అని ఒకసారి నాతో అన్నాడు.

మహమ్మారి వచ్చినప్పుడు అందరం ఫోన్లకి పాఠాలు చెప్పాం. జబ్బు పోయింది, వీడియోలు మిగిలాయి. మా డైరెక్టర్ వాల్దో సెర్రూదో ఒకప్పుడు పురుళ్ళు పోసే డాక్టరు. ఇప్పుడు అవి మానేసి తనే రోజుకో పథకం కంటున్నాడు. ఆయన ఒకరోజు విల్కాని పిలిచాడు. నేను కూడా వెంట వెళ్ళాను, పిలవకపోయినా.

"నేనేమీ మీకు శత్రువుని కాదు డాక్టర్‌గారూ," అన్నాడు సెర్రూదో. "మీ పాఠం బాగుందంటారు. వీడియోలో కూడా అంతే బాగుంటే గది ఎందుకు, బెంచీలెందుకు? రెండు గుంపులు చేద్దాం. సగంమంది మీ గదిలో వింటారు. సగంమంది వీడియో చూస్తారు. పరీక్ష ఒకటే. మార్కులు ఏం చెబితే అది."

"మరి మార్కులు వీడియో వైపు చెబితే?" అన్నాను నేను.

"అప్పుడు ఆ గదిలో పళ్ళ డాక్టర్ల కుర్చీలు వేస్తాం డాక్టరమ్మా. అవి వచ్చి గోదాములో పడున్నాయి."

విల్కా అలాగేనండీ అన్నాడు. బయటికి వచ్చాక నేను చెడామడా తిట్టాను. ఆయన చేతులు చంకల్లో పెట్టుకుని విన్నాడు. "పాఠం పాఠమే కదా కొమాద్రే. గట్టిగా చెబితే సరి," అన్నాడు. గది పోతుందన్న భయం ఆయన ముఖంలో నాకు కనిపించింది. అప్పటికింకా ఆయన ముఖంలో ఏదో ఒకటి కనిపిస్తూ ఉండేది.

వీడియో తీయడానికి సాంతాక్రూజ్ నుంచి ఇద్దరు వచ్చారు. కింది మైదానాల మనుషులు. మా ఎత్తుకి ఊపిరాడక, కోకా ఆకు కషాయం తాగుతూ, కోట్లు విప్పకుండానే పనిచేశారు. వాళ్ళకి కెచువా ఒక్క ముక్క రాదు. ధైర్యంగా ఉంటుందని విల్కా నన్ను కూర్చోమంటే నేను ఓ మూల కూర్చున్నాను. ఆకుపచ్చ గుడ్డ ముందు ఆయన్ని నిలబెట్టి, "కదలకండి డాక్టర్, ముఖం బాగా వస్తోంది," అన్నారు. ఆయన తరగతిలో చెప్పినట్టే చెప్పాడు. సొంకోయ్ ననావన్, ఇక్కడ. సొంకోయ్ ననావన్, ఇక్కడ. సొంకోయ్ ననావన్, ఇక్కడ. మూడోసారి ఆ ముఖం చూసి కెమెరా అతను ఉలిక్కిపడ్డాడు.

"డాక్టర్, బానే ఉన్నారా? నీళ్ళు తాగుతారా?"

ఆ తయారైన వీడియో విల్కా చూడలేదు. నేనూ చూడలేదు. తన గొంతు తనే వింటుంటే చచ్చినవాడి మాట విన్నట్టుంటుందని ఆయన అన్నాడు. నాకు నా వీడియోలు చూసుకోవడానికే ఓపిక లేదు.

పరీక్ష జరిగింది. అన్నీ వీడియో చూసి ఆఫీసువాళ్ళు తయారుచేసిన టిక్కు పెట్టే ప్రశ్నలు, దిద్దేది యంత్రం. అందులో ఒకటి: పల్లెటూరి రోగి సొంకో నొప్పి అంటే సాధారణంగా అది ఏ అవయవం? గుండె, కడుపు, ఊపిరితిత్తి, మూత్రపిండం. వీడియో చూసినవాళ్ళంతా చటుక్కున కడుపుకి టిక్కు పెట్టారు. అదే సరైన జవాబట. గదిలో విన్నవాళ్ళు తటపటాయించారు. ఆరోజు హాల్లో కాపలా నాది. కొందరు ఏ గడిలోనూ టిక్కు పెట్టకుండా పక్కన పెన్నుతో 'చెయ్యి ఎక్కడుంది?' అని రాయడం చూశాను. యంత్రానికి చదువు రాదు, వాళ్ళకి సున్నా వేసింది.

చివరికి లెక్క తేలితే రెండు గుంపులూ దాదాపు సమానం. వీడియోవాళ్ళే ఒక్క మార్కు ముందున్నారు. సెర్రూదో అందరికీ సల్తేన్యాలు తెప్పించాడు, లోపల మాంసం రసం నింపి కాల్చిన కజ్జికాయల్లాంటివి. ఆ వేడి రసం చొక్కా మీద కారకుండా తినడం మీదే అందరి ధ్యాసా. నేను లేచి, ఆ పక్కన రాతల సంగతి చెప్పాను.

"డాక్టరమ్మా, అడిగినదానికి ఎదురు ప్రశ్న వేస్తే మార్కులిస్తారా ఎక్కడైనా?" అన్నాడు సెర్రూదో. అందరూ నవ్వారు. విల్కా కూడా నవ్వాడు, కొంచెం ఆలస్యంగా.

గదిలో పళ్ళ కుర్చీలు పడ్డాయి. విల్కాని తీసేయలేదు. పిల్లల సందేహాలకి ఫోన్లో జవాబులు రాసే పని ఇచ్చారు. సందేహాలు ఎవరికున్నాయి? ఆయన బల్ల దగ్గర కూర్చుని, ఫోను ఎదురుగా పెట్టుకుని, గోడ చూసేవాడు. నేను తిట్టినా పలికేవాడు కాదు. భోజనానికి పిలిస్తే వచ్చేవాడు, పెడితే తినేవాడు. వేడిరాయి వేసి బుసబుసలాడే కలాపుర్కా సూపు అంటే ప్రాణం పెట్టే మనిషి, అది చల్లారి పేరుకునేదాకా చెంచా పట్టుకుని కూర్చునేవాడు. ఫ్లోరిండా నాకు ఫోన్ చేసి, "జ్ఞానమ్మా, నాన్నకి ఏమైంది? మాట్లాడితే ఊ అంటున్నాడంతే," అని ఏడ్చింది. ఏమీ కాలేదమ్మా అన్నాను. నిజంగానే ఏమీ కాలేదు, అదే బాధ.

ఆ వీడియో గుంపులో లింబెర్ట్ అని ఒక పిల్లాడుండేవాడు. బాగా చదివేవాడు, మంచివాడు. చదువైపోయాక పల్లెలో చేయాల్సిన సేవకి కొండల వెనక ఒక ఆరోగ్య కేంద్రంలో వేశారు. సకల ఆత్మల పండగకి ఊరొచ్చినప్పుడు మమ్మల్ని చూడ్డానికి వచ్చాడు, చేతిలో మేక జున్ను ముద్ద. కాలేజీ గేటు దగ్గర అపీ అమ్మే చోటికి వెళ్ళాం. ఊదారంగు మొక్కజొన్న గంజి పొగలు కక్కుతోంది. విల్కా గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నాడు, తాగలేదు.

"మీ పాఠం భలే పనికొస్తోంది డాక్టర్‌గారూ," అన్నాడు లింబెర్ట్. "మా దగ్గర రోజూ సొంకోలే. నాతో పనిచేసే ఇంకో డాక్టరు ప్రతివాళ్ళనీ గుండె అని రాసి బస్సెక్కిస్తాడు. నేను ఎంచక్కా కడుపు మందిచ్చి పంపిస్తా. తగ్గిపోతుంది."

"అందరికీ తగ్గిందా?" అన్నాడు విల్కా.

"అందరికీనండీ. ఒక్క అవ్వ పోయింది, పోయిన నెల్లో. నడుచుకుంటూ వచ్చింది, మందు తాగింది, ఇంటికెళ్ళింది. తెల్లారేసరికి పోయిందని చెప్పారు. పెద్దదై పోయింది లెండి, ఆలుగడ్డలు తవ్వే పని కూడా మానలేదట."

"ఏమంది నీతో?"

"సొంకోయ్ ననావన్ అంది."

"చెయ్యి ఎక్కడుంది?"

లింబెర్ట్‌కి ప్రశ్న అర్థం కాలేదు. "చెయ్యా? చెయ్యి..." అని ఒక్క క్షణం ఆలోచించాడు. తర్వాత ఆ అవ్వ ఎలా నిలబడిందో గుర్తుచేసుకుంటూ, తనకి తెలియకుండానే భుజాలు ముందుకు వంచి, కుడి పిడికిలి బిగించి, రొమ్ముల మధ్య పెట్టుకున్నాడు.

"ఇలాగండీ. ఎందుకు?"

పిల్లాడు అంతా చూశాడు. కళ్ళతో చూసి, అంత జాగ్రత్తగా దాచుకున్నాడు. చూసింది ఏమిటో వాడికి ఎవరూ చెప్పలేదు.

విల్కా చాలాసేపు ఆ పిడికిలి వైపే చూశాడు. తర్వాత, "ఇక ఎవరైనా చెయ్యి అలా పెట్టుకుంటే, ఏం మాట అన్నా సరే, ముందు గుండె చూడు నాయనా. వెంటనే పట్నం ఆసుపత్రికి పంపు. మర్చిపోకు," అన్నాడు, మందు చీటీ చదివినంత మామూలుగా. "ఏమన్నా తిన్నావా? అమ్మా, ఈ అబ్బాయికి వేడివేడిగా వేయించిన పస్తేల్ ఒకటి పెట్టు," అన్నాడు అపీ అమ్మే ఆవిడతో.

లింబెర్ట్ తిని, దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు. వాడు మలుపు తిరిగాక నేను ఆగలేకపోయాను.

"ఆ అవ్వది గుండె అని వాడికి ఎందుకు చెప్పలేదు?"

"చెబితే రేపు వాడు ఏ రోగి మీద చెయ్యి వెయ్యగలడు కొమాద్రే?"

"మరి నువ్వు? నీకేం అనిపించడం లేదా?"

"లేదు," అన్నాడు. "చూస్తున్నాను, ఇంకా రావడం లేదు."

అబద్ధం ఆడే మనిషి కాదు. ఆ మాట విన్నాక నాకు కూడా ఏడుపు రాలేదు. ఇద్దరం స్టాఫు గదిలోకి వెళ్ళి, నా ఫోన్లో ఆ వీడియో మొదటిసారి చూశాం. సగం తెర మీద రంగు బొమ్మ. మిగతా సగంలో విల్కా, కాలరు దగ్గర్నుంచి పైకి. చేతులు లేవు. "సొంకోయ్ ననావన్," అంటాడు, కొంచెం నవ్వుతూ. "ఇక్కడ." ఎక్కడో కనిపించదు. "చూశారా, నిఘంటువు చూసి గుండె అని రాసుకోకండి. ఇది కడుపు." వెంటనే పాఠం నాలుక పరీక్షకి వెళ్ళిపోయింది.

మొదటిది లేదు. మూడోది లేదు. నేను సాంతాక్రూజ్‌కి ఫోన్ చేసి నాలుగు దులిపాను. అవతలి అతను పాపం మర్యాదగానే చెప్పాడు. "డాక్టర్‌గారు ఒకే మాట మూడుసార్లు అన్నారమ్మా. నోరు తిరగక మళ్ళీ మళ్ళీ అంటున్నారేమో అనుకున్నాం. మధ్యలోది నవ్వుతూ బాగా వచ్చింది, అది ఉంచాం." కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, గుండె అని పొరపడొద్దని నేర్పబోయిన పాఠం గుండెనే ఎత్తేసింది.

విల్కా సెర్రూదో దగ్గరికి వెళ్ళి, ఆ ఒక్క ముక్క మళ్ళీ తీయించమని అడిగాడు. కెమెరా నాలుగడుగులు వెనక్కి పెడితే చాలన్నాడు. అవ్వ సంగతి కూడా చెప్పాడు, పిల్లాడి పేరు లేకుండా.

సెర్రూదో, "ముసలివాళ్ళు పోతూనే ఉంటారు డాక్టర్‌గారూ. దానికి వీడియోనే కారణమని ఎలా అంటాం? మార్కులు బాగున్నాయి. ఒకటి మారిస్తే అందరూ మార్చమంటారు. వచ్చే ఏడు చూద్దాం లెండి," అన్నాడు.

విల్కా అలాగేనండీ అన్నాడు. నేను ఈసారి తిట్టలేదు. తిట్టడానికి నాలో ఏమీ మిగల్లేదు.

కింద అంతస్తులో కంప్యూటర్ల గది ఉంది. ఇంట్లో నెట్ లేని పిల్లలు, గనుల వైపు నుంచి వచ్చేవాళ్ళు, అక్కడ పెద్ద తెర మీద వీడియోలు చూస్తారు. కొత్త బ్యాచ్‌కి ఆ మొదటి పాఠం వేసిన రోజు విల్కా తలుపు తోసుకుని లోపలికి వెళ్ళాడు. ఏం చేస్తాడోనని నేనూ వెళ్ళి వెనక నిలబడ్డాను. ఆయన ఎవరితోనూ ఏమీ అనకుండా తెర పక్కన గోడకి ఆనుకున్నాడు. తెర మీద ఆయన ముఖం, బారెడంత. పక్కన చిన్నగా ఆయన.

"ఒరేయ్, ఒక టికెట్టుకి ఇద్దరు హీరోలు!" అన్నాడెవడో. కిసుక్కున నవ్వులు.

తెర మీది ముఖం "సొంకోయ్ ననావన్, ఇక్కడ" అంది. గోడ పక్కన మనిషి పక్కటెముకల కింద అరచెయ్యి పెట్టుకున్నాడు. పాఠం నాలుక దగ్గరికి వెళ్ళిపోయింది. ఆయన చెయ్యి తియ్యలేదు. నవ్వులు ఎక్కువయ్యాయి. నేను వెళ్ళి ఆయన్ని బయటికి తీసుకుపోదామనుకున్నాను.

మీటల దగ్గర యోసెలిన్ అనే పిల్ల కూర్చుని ఉంది, రెండు జడలు, వేళ్ళు తెగిన ఉన్ని చేతితొడుగులు. ఆ పిల్ల వీడియో ఆపింది. "డాక్టర్‌గారూ, నేను సరిగ్గా చూడలేదు. చెయ్యి ఎక్కడ పెట్టారు?" అని వెనక్కి తిప్పి, మళ్ళీ వేసింది.

సొంకోయ్ ననావన్, ఇక్కడ. ఈసారి విల్కా పిడికిలి బిగించి రొమ్ముల మధ్య పెట్టుకున్నాడు. భుజాలు ముందుకు వంగాయి. తెర మీద ముఖం నవ్వుతూనే ఉంది. గోడ పక్కన ముఖం నవ్వడం లేదు.

"అదేంటి, ఇందాక కిందకి కదా పెట్టింది?" అన్నాడు ఇందాకటి వాడు. ఎవరూ నవ్వలేదు. యోసెలిన్ మళ్ళీ వెనక్కి తిప్పింది. అదే గొంతు, అదే మాట. విల్కా ఎడమ రొమ్ము మీద ఒక్క వేలు పెట్టుకున్నాడు.

ఆ పిల్ల వీడియో అక్కడే ఆపేసి లేచింది. మా అమ్మమ్మ కూడా అలాగే అంటుందండీ అంది. చేతితొడుగులు తీసి, ఆయన ముందుకొచ్చి, పిడికిలి పెట్టిన చోటు ఏదో తెలుసుకుందామని చెయ్యి చాపింది. చాపిన చెయ్యి ఆయన చొక్కాకి తగిలింది.

"ఆగు తల్లీ," అన్నాడు విల్కా. ఏళ్ళ తర్వాత ఆయన నోట అది మొదటి పాఠం. "చెయ్యి చల్లగా ఉంది. ముందు వెచ్చచేసుకో."

ఆయన రెండు చేతులూ చంకల్లో పెట్టుకున్నాడు. ఆ పిల్లా పెట్టుకుంది. ఇద్దరూ అలా ఎదురెదురుగా నిలబడ్డారు. వెనక బెంచీల్లో ఒకరి తర్వాత ఒకరు లేస్తున్నారు. తెర మీద ఆయన ముఖం నోరు సగం తెరుచుకుని ఆగిపోయి ఉంది, దాన్ని ఎవరూ చూడడం లేదు.